విశ్వాసత్యాగమా, వెనకబాటా, సంఘం మార్పా? తీర్పు చెప్పే ముందు పోల్చి చూడాల్సినవి

ఆరు నెలలుగా ఆరాధనకు రాని మనిషి గురించి మాట వస్తే ఒకరు "లోకంలో పడిపోయాడు" అంటారు, ఇంకొకరు "వెనకబడిపోయాడు" అంటారు. కాస్త వాక్యం తెలిసినవాళ్లు "భ్రష్టుడైపోయాడు" అని తేల్చేస్తారు. పైకి జ్వరం ఒకేలా ఉన్నా మలేరియా మందు టైఫాయిడ్‌కు పనిచేయదు. ఇక్కడా అంతే. పేరు తప్పు పెడితే ఆ తర్వాత పెద్దలు చేసే ప్రతి పనీ తప్పుతుంది. ఈ రాత పాస్టర్లు, సంఘ పెద్దలు, ఇంట్లో ఒకరు విశ్వాసం వదిలేశారని కలత పడుతున్న కుటుంబాల కోసం.

ముందు అది ఏదో తేల్చుకోండి

నిర్వచనాల్లో అన్నిటికంటే పదునైనది కతోలిక సంఘం 1983 ధర్మశాస్త్ర స్మృతిలో ఉంది. 751వ సూత్రం మూడింటిని విడదీస్తుంది. జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందాక క్రైస్తవ విశ్వాసాన్ని మొత్తంగా తోసిపుచ్చడం విశ్వాసత్యాగం. నమ్మి తీరాల్సిన ఒక సత్యాన్ని మొండిగా కాదనడం తప్పుబోధ. పోపుగారికి లోబడననడం, లేదా ఆయనకు లోబడిన సంఘంతో సహవాసం తెంచుకోవడం చీలిక. ప్రొటెస్టెంట్ సంఘాలకు ఇలాంటి స్మృతి లేకపోయినా ఈ కొలత అందరికీ పనికొస్తుంది. విశ్వాసత్యాగం అనాలంటే నాలుగు విషయాలు కలిసి ఉండాలి: ఆ మనిషి బాప్తిస్మం పొందిన విశ్వాసి అయి ఉండాలి, తెలిసి చేయాలి, తన ఇష్టంతో చేయాలి, ఒక్క అంశాన్ని కాక క్రీస్తునే కాదనాలి. వీటిలో ఏది లేకపోయినా దానికి పేరు వేరే.

ఈ నాలుగూ పూర్తిగా కలిసిన ఉదాహరణ రోమా చక్రవర్తి జూలియన్. క్రైస్తవుడిగా పెరిగాడు, బాప్తిస్మం పొందాడు, లేఖనాలు చదువుకున్నాడు. 361లో సింహాసనం ఎక్కాక బాహాటంగా పాత దేవతల వైపు తిరిగాడు. క్రైస్తవ ఉపాధ్యాయులు ప్రాచీన గ్రీకు సాహిత్యం బోధించకుండా 362లో కట్టడి పెట్టాడు. 363లో పారసీక యుద్ధంలో చనిపోయాడు. ఎవరి బలవంతమూ లేదు, సందేహమూ లేదు.

మన ప్రసంగాల్లో ఎక్కువగా వినిపించే, పౌలు తోటి పనివాడైన దేమా సంగతి ఇంత తేటగా లేదు. "యిహలోకమును స్నేహించి నన్ను విడిచి" వెళ్లాడని పౌలు రాశాడు (2 తిమోతి 4:10). క్రీస్తును కాదన్నాడని రాయలేదు. అతన్ని భ్రష్టుల జాబితాలో మొదటి పేరుగా పెట్టడం బోధకుల తొందరపాటు. ఓడ బద్దలైన ఉపమానంతో పౌలు చెప్పిన హుమెనైయు, అలెక్సంద్రుల విషయం (1 తిమోతి 1:20) అంతకంటే తీవ్రమైనది. అక్కడ కూడా సాతానుకు అప్పగించే శిక్ష ఎందుకో చెప్పాడు: దూషించకుండా నేర్చుకోవడానికి. అంటే వాళ్లు మారతారన్న ఆశతోనే.

ఇక విశ్వాసత్యాగమని పొరబడే నాలుగు రకాలవాళ్ల సంగతి. సంఘం మారినవాడు. లూథరన్ సంఘం నుంచి పెంతెకొస్తు సహవాసానికి, సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం) నుంచి బక్త్‌సింగ్ మొదలుపెట్టిన హెబ్రోను సహవాసానికి వెళ్లినవాడు క్రీస్తును విడవలేదు, మీ రిజిస్టరును విడిచాడు. కతోలిక లెక్కలో కూడా పెంతెకొస్తుకు వెళ్లినవాడి విషయం చీలిక, తప్పుబోధల కిందికి వస్తుందే తప్ప విశ్వాసత్యాగం కిందికి రాదు. ఇక్కడ చేయాల్సింది రెండే: వెళ్లడానికి కారణం అడగడం, అడిగితే సభ్యత్వ పత్రం ఇచ్చి పంపడం. పత్రం ఆపి పెట్టి లొంగదీసుకోవాలని చూస్తే అతను ఆ పత్రం అక్కర్లేని చోటికి పోతాడు. అలాంటి చోట్లకు మన ఊళ్లలో కొదవ లేదు.

సందేహం పట్టుకున్నవాడు. ఇతని గుర్తు ప్రశ్నలు. నిజంగా వదిలేసినవాడు ప్రశ్నలు మానేస్తాడు. "సందేహపడువారిమీద కనికరము" చూపమని యూదా పత్రిక 22వ వచనం సూటిగా చెబుతోంది. తోమా నమ్మనని చెప్పాక కూడా శిష్యులు అతన్ని గదిలోంచి పంపేయలేదు. ఎనిమిది దినాల తర్వాత అతను వాళ్లతోనే ఉన్నాడు.

పాపంలో చిక్కుకున్నవాడు. తాగుడు, అక్రమ సంబంధం, సంఘం డబ్బు వాడుకోవడం. "నేను చేసేది తప్పే, మానలేకపోతున్నా" అంటున్నాడంటే విశ్వాసం ఇంకా లోపల కుడుతోందన్నమాట. దారి, సాత్వికంగా మంచిదారికి తెమ్మనే గలతీ 6:1, ముందు ఒంటరిగా మాట్లాడమనే మత్తయి 18:15-17.

ఒత్తిడికి లొంగినవాడు. పెళ్లి కోసమో, ఉద్యోగం కోసమో, ఊరి భయంతోనో "నేను క్రైస్తవుణ్ని కాదు" అన్నవాడు. పేతురు చేసింది ఇదే, అదీ మూడుసార్లు. దీని గురించి వివరంగా కింద.

తేల్చడానికి ఎవరు వెళ్లాలి, ఏం అడగాలి

ఇద్దరు చాలు, ఒకరైనా ఫరవాలేదు. అయిదుగురు పెద్దలు, పాస్టరు, వెనక స్త్రీల సమాజం కలిసి ఇంటి మీదికి వెళ్తే అది పరామర్శ కాదు, పంచాయితీ. మత్తయి 18 క్రమంలో మొదటి మెట్టు "నీవును అతడును ఒంటరిగా". రెండో మెట్టులో ఒకరిద్దరు తోడు. సంఘానికి చెప్పడం మూడో మెట్టు. మన దగ్గర తరచుగా జరిగేది మూడోది ముందు. వాట్సాప్ గ్రూపులో "ఫలానా సహోదరుని కొరకు భారంతో ప్రార్థించండి, విశ్వాసంలో పడిపోయాడు" అని ఒక సందేశం పడుతుంది, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఆ ప్రార్థన విన్నపం తర్వాత అతను తిరిగి రావడం రెండింతలు కష్టం.

అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎందుకు రావడం లేదు" కాదు. అది హాజరు పట్టీ ప్రశ్న, జవాబుగా సాకులే వస్తాయి. "యేసు గురించి ఇప్పుడు ఏమనుకుంటున్నావు" అని అడగండి. "ఆయన దేవుడే, మీ సంఘంలో జరిగేవి భరించలేను" అంటే సమస్య వేరు. "నమ్మాలనే ఉంది, నమ్మలేకపోతున్నా" అంటే అది సందేహం. "ఆయన బతికి లేచాడని నేను నమ్మను, ఇక ప్రార్థన చేయను, బాగా ఆలోచించే చెబుతున్నా" అంటే అప్పుడు విశ్వాసత్యాగం గురించి మాట్లాడాలి. ఆ మాట కూడా ఒక్కసారి విని రాసుకోకండి. చావు జరిగిన ఇంట్లో, విడాకుల మధ్యలో, ఉద్యోగం ఊడిన వారంలో అన్న మాటకు విలువ తక్కువ. కనీసం మూడు నెలల వ్యవధిలో రెండు మూడు సార్లు కలిసి, అదే మాట నిదానంగా ఉన్నప్పుడు కూడా వస్తోందా చూడాలి.

పాస్టరు వల్లే దెబ్బ తిన్నవాళ్ల దగ్గరికి ఆ పాస్టరే వెళ్లడం పెద్ద పొరపాటు. డబ్బు విషయమైనా, అవమానమైనా, అంతకంటే ఘోరమైనదైనా, ముందు ఆ విషయం విచారించి తేల్చాలి. బాధితుణ్ని భ్రష్టుడనడం తప్పు చేసినవాడికి దొరికే అతి తేలికైన దాపు.

ఒత్తిడికి లొంగినవారు: 250 నాటి పత్రం, ఇప్పటి పత్రం

ఈ ప్రశ్నను సంఘం మొదటిసారి పెద్ద ఎత్తున ఎదుర్కొన్నది డెసియస్ చక్రవర్తి కాలంలో. సామ్రాజ్యంలో అందరూ దేవతలకు బలి ఇచ్చి, దానికి అధికారుల నుంచి ధ్రువపత్రం తీసుకోవాలన్నాడు. ఈజిప్టులో 250 నాటి ఇలాంటి పపైరస్ పత్రాలు నలభైకి పైగా దొరికాయి. "నేను ఎప్పుడూ దేవతలకు బలులు అర్పిస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుట అర్పించి, పానార్పణ పోసి, నైవేద్యం రుచి చూశాను, ధ్రువీకరించండి" అన్నది వాటి సారాంశం.

క్రైస్తవులు రకరకాలుగా లొంగారు. కొందరు బలి ఇచ్చారు, కొందరు ధూపం మాత్రం వేశారు, ఇంకొందరు బలి ఇవ్వకుండానే డబ్బిచ్చి పత్రం కొనుక్కున్నారు. హింస తగ్గాక అందరూ తిరిగి బల్ల (ప్రభు భోజనం) దగ్గరికి వస్తామన్నారు. రోములో నొవేషియన్ వర్గం, పడినవాళ్లను సంఘం మళ్లీ చేర్చుకోనే కూడదంది. కార్తేజీలో కొందరు దానికి పూర్తిగా అవతల నిలిచారు. చెరసాల పాలైన విశ్వాసులు రాసిచ్చిన సమాధాన లేఖ చూపిస్తే వెంటనే చేర్చుకోవాలన్నారు. కార్తేజీ బిషప్పు సిప్రియన్ ఆధ్వర్యంలో 251లో కూడిన సభ ఈ రెండు కొసలనూ వదిలేసింది. ఒక్కొక్కరిని విడిగా విచారించమంది. పత్రం మాత్రమే కొన్నవాళ్లను విచారించి చేర్చుకోవచ్చు. బలి ఇచ్చినవాళ్లు దీర్ఘకాలం పశ్చాత్తాపంలో ఉండాలి, మరణశయ్య మీద మాత్రం కాదనకూడదు. తర్వాతి ఏడాది మళ్లీ హింస ముంచుకొస్తోందనిపించినప్పుడు ఆ పశ్చాత్తాపంలో ఉన్నవాళ్లనూ చేర్చుకున్నారు.

మా సలహా ఈ మధ్య దారే. కతోలిక ధర్మశాస్త్రం ఇప్పటికీ ఇదే మెత్తదనాన్ని నిలుపుకుంది. విశ్వాసత్యాగానికి తనంతట తానే పడే వెలి శిక్ష 1364వ సూత్రంలో ఉన్నా, పదహారేళ్లు నిండనివాళ్లకు అది వర్తించదు. తీవ్రమైన భయంతో చేసినవాళ్లకూ అది తనంతట తాను పడదు.

ఇక మన సొంత పత్రం సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎస్సీ కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు బీసీ-సీ కిందికి వస్తారు. అందుకే ఆదివారం ఆరాధనకు వచ్చే కుటుంబాల్లో చాలామంది కాగితం మీద హిందూ-మాల, హిందూ-మాదిగ. ఇది విశ్వాసత్యాగమా అని యువకులు అడుగుతారు. కొన్ని సంఘాలు అవునంటాయి, బల్లకు కూడా దూరం పెడతాయి.

రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 250 నాటి పత్రం ఒక ఆరాధన జరిగిందని సాక్ష్యం చెబుతుంది. కులధ్రువపత్రం పుట్టుకను, దానితో పాటు ఒక మతం పేరును నమోదు చేస్తుంది. క్రీస్తును కాదనమని ఎవరూ అడగడం లేదు, ఎవరూ అనడమూ లేదు. విశ్వాసత్యాగానికి మొదట్లో చెప్పిన నాలుగు విషయాల్లో కనీసం రెండు ఇక్కడ లేవు. కాబట్టి దీన్ని విశ్వాసత్యాగం అనడం కుదరదు. అలాగని ఏమీ కాదని కొట్టిపారేయనూ కూడదు. బాప్తిస్మం పొంది క్రైస్తవ విశ్వాసం పాటిస్తూ, ఉద్యోగం కోసమే హిందువునని చెప్పడాన్ని రాజ్యాంగాన్ని వంచించడంగా 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో తేల్చింది. పెద్దలు చేయాల్సింది బల్ల ఆపడం కాదు. ఫలానా విధంగా రాయించుకో అని నేర్పడమూ కాదు. చట్టం ఏం చెబుతోందో, ఏం పోతుందో, బీసీ-సీ కింద ఏం వస్తుందో స్పష్టంగా చెప్పి, నిర్ణయం ఆ కుటుంబానికి వదలాలి. ఈ చిక్కుముడి వేసింది వాళ్లు కాదు.

"ఒకసారి రక్షణ పొందితే ఇక పోదా?": మూడు నమ్మకాలు, ఒకే మనిషి

ఉదాహరణకు ఒకణ్ని తీసుకుందాం. పదేళ్లు యవ్వనస్థుల కూటాలు నడిపాడు, పాటలు పాడించాడు. ఇప్పుడు నెమ్మదిగా, స్పష్టంగా "నేను నమ్మడం లేదు" అంటున్నాడు. అతను మొదట్లో నిజంగా రక్షింపబడ్డాడా?

సంస్కర్త కాల్విన్ సంప్రదాయం నెదర్లాండ్స్‌లో కూడిన 1618-19 డోర్ట్ మహాసభ నాటి నుంచి ఒకటే చెబుతోంది: దేవుడు ఏర్పరచుకున్నవాళ్లు పూర్తిగా, చివరిదాకా పడిపోరు. 1 యోహాను 2:19 దీనికి ఆధారం: "వారు మనలోనుండి బయలువెళ్లిరి గాని వారు మన సంబంధులు కారు". అయితే ఈ వచనం పట్టుకుని "వాడు మొదటినుంచీ నకిలీయే" అనేవాళ్లు డోర్ట్ తీర్మానం సగమే చదివినట్టు. దావీదు, పేతురు లాంటి పరిశుద్ధులే ఘోరంగా పడ్డారని అదే తీర్మానం ఒప్పుకుంటుంది. ఇతను దారి మధ్యలో ఉన్న పేతురు కాదని ఎవరు చెప్పగలరు?

మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ సంప్రదాయం నిజంగా పడిపోవచ్చంటుంది. రుచి చూసి పడిపోయినవాళ్లను మళ్లీ మారుమనస్సుకు తేవడం అసాధ్యమనే హెబ్రీ 6:4-6 హెచ్చరిక నిజమైన విశ్వాసులకే అంటుంది. కానీ వెస్లీ 1778 నాటి తన ప్రసంగంలో, నిజంగా విశ్వాసం వదిలినవాళ్లు కూడా వేలమంది తిరిగొచ్చారని నమ్ముతున్నానన్నాడు. మెదక్ ప్రాంతంలో పనిచేసిన వెస్లియన్ మిషను 1947లో సి.ఎస్.ఐ.లో కలిసింది కాబట్టి ఆ సంఘాల్లో ఈ ధోరణి ఇప్పటికీ ఉంటుంది. మన పెంతెకొస్తు సంఘాల్లో ఎక్కువ భాగం కూడా ఇటువైపే.

లూథరన్ మార్గం ఈ వాదంలోకి ఎక్కువగా దిగదు. 1530 ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 12వ అధికరణం రెండు మాటలు తేల్చేసింది. నీతిమంతులుగా తీర్చబడినవాళ్లు పరిశుద్ధాత్మను పోగొట్టుకోలేరన్న బోధ తప్పు. పడినవాళ్లు తిరిగొస్తే క్షమాపణ లేదనే నొవేషియన్ బోధ కూడా తప్పే. బాప్తిస్మం తర్వాత పడినవాడు ఎప్పుడు తిరిగినా క్షమాపణ ఉంది. గుంటూరులో 1842 నుంచి ఉన్న లూథరన్ సంఘాల విశ్వాసులకు ఈ అధికరణం చేతికందేంత దగ్గరిదే, చదివేవాళ్లే తక్కువ.

ఏది ఎంచుకోవాలి? మీ సంఘం ఏ సంప్రదాయానిదో దాని ప్రకారం బోధించండి. కానీ ఆ అబ్బాయి ఇంటికి వెళ్లినప్పుడు చేయాల్సిన పని మూడింటిలోనూ ఒకటే: మారుమనస్సుకు పిలవడం, వాకిలి తెరిచి ఉంచడం. తేడా పడేది అతని తల్లితో మాట్లాడేటప్పుడు. కాల్వినిస్టు పాస్టరు "నీ కొడుకు ఎప్పుడూ రక్షింపబడలేదు" అని చెప్పకూడదు, అది అతనికి తెలిసే విషయం కాదు. వెస్లియన్ పాస్టరు "రక్షణ పోయింది" అని ముద్ర వేయకూడదు. "ఇంకా అయిపోలేదు" అన్న మాట ఇద్దరూ నిజాయితీగా చెప్పగలరు.

హెబ్రీ 6లోని "అసాధ్యము" గురించి ఒక్క మాట. లూథర్ 1522లో ఆ పత్రికకు రాసిన ముందుమాటలోనే దీన్ని గట్టి ముడి అన్నాడు. ఈ వచనం ఎక్కువగా గాయపరిచేది వదిలేసినవాళ్లను కాదు, వాళ్లు దాన్ని చదవరు. తిరిగి రావాలనుకుంటూ "నాకిక క్షమాపణ లేదేమో" అని రాత్రులు నిద్రపట్టనివాళ్లను. వాళ్లకు అదే అధ్యాయం 9వ వచనం చదివి వినిపించండి: "ప్రియులారా" అని పిలిచి, మీ విషయంలో మంచిదే నమ్ముతున్నామంటాడు రచయిత. దేవుణ్ని నిజంగా తోసేసినవాడికి ఈ బెంగ ఉండదు.

తిరిగి వస్తే: మళ్లీ బాప్తిస్మమా, ఎన్నాళ్లు ఆగాలి?

మళ్లీ బాప్తిస్మం వద్దు. కతోలిక, లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాలు ఇవ్వవు. కతోలిక స్మృతి 845వ సూత్రం జ్ఞానస్నానం రెండోసారి ఇవ్వరాదంటుంది. పెద్దయ్యాక ముంచి ఇచ్చిన బాప్తిస్మం ఉన్న బాప్తిస్టు, పెంతెకొస్తు విశ్వాసి తిరిగొచ్చినప్పుడు కూడా మళ్లీ నీళ్లలోకి దింపనవసరం లేదు. కొన్ని స్వతంత్ర సంఘాలు దింపుతున్నాయి. దాంతో వచ్చే చిక్కు వెంటనే కనిపించదు. ఇంకోసారి పడినప్పుడు అతనికి మొదట వచ్చే ఆలోచన "మళ్లీ తీసుకుంటే సరి". చిన్నప్పుడు చిలకరింపు పొంది ఇప్పుడు బాప్తిస్టు సంఘంలో చేరేవాడి సంగతి వేరు, అది ఆ సంఘం బాప్తిస్మ బోధకు సంబంధించినది, విశ్వాసత్యాగానికి కాదు.

వ్యవధి విషయంలో పాత సంఘం చాలా కఠినం. బలవంతం లేకుండానే పడిపోయినవాళ్లకు 325 నీకయ సభ 11వ నియమం మూడేళ్లు వాక్యం మాత్రం వినేవాళ్లతో, ఏడేళ్లు ప్రార్థనలో సాష్టాంగపడేవాళ్లతో, రెండేళ్లు బల్ల లేకుండా ప్రార్థనల్లో మాత్రం, అంటే మొత్తం పన్నెండేళ్లు పెట్టింది. మనస్సు నిజంగా మారిందని కనిపిస్తే బిషప్పు మెత్తబడవచ్చని 12వ నియమంలో, చనిపోయేవాడికి ప్రభు భోజనం ఆపవద్దని 13వ నియమంలో ఉంది. ఆ పన్నెండేళ్లు ఇప్పుడు ఎవరూ పాటించరు, పాటించాల్సిన పనీ లేదు. కానీ అందులో ఉన్న మెట్ల ఆలోచన మంచిది. ఆరాధనకు వచ్చిన రోజు నుంచే రానివ్వండి. పాస్టరుతో మాట్లాడి, ఒప్పుకోలు అయ్యాక బల్ల. కతోలికులకు విచారణ గురువు (తమ గుడి ఫాదర్) దగ్గర పాపసంకీర్తనంతో (పాపాలు ఒప్పుకోవడంతో) మొదలు, వెలి శిక్ష తీయాల్సి ఉంటే పీఠాధిపతి (బిషప్పు) దాకా వెళ్లాలో లేదో ఆయనే చూస్తారు. బోధించడం, పాటల బృందం, సంఘం డబ్బు, పిల్లల సండే స్కూలు మాత్రం కనీసం ఒక ఏడాది తర్వాతే.

అందరి ముందు సాక్ష్యం చెప్పించాలా? బహిరంగంగా కాదన్నవాడు బహిరంగంగా ఒప్పుకోవడం సబబే. ఎవరికీ తెలియకుండా కుమిలినవాణ్ని మైకు ముందు నిలబెట్టవద్దు. ముఖ్యంగా కొత్తగా తిరిగొచ్చినవాణ్ని సభల్లో సాక్ష్యానికి తిప్పడం మానాలి. రెండో నెలలో మళ్లీ సందేహం వస్తే చెప్పుకునే చోటు లేకుండా పోతుంది. శిక్ష శృతి మించితే "అత్యధికమైన దుఃఖములో మునిగిపోవునేమో" అని పౌలు భయపడ్డది (2 కొరింథీ 2:7) ఇలాంటివాళ్ల గురించే.

రానని చెబితే

కొందరు రారు. అప్పుడు సభ్యత్వ రిజిస్టరులో తేదీతో "స్వయంగా వైదొలిగారు" అని రాయండి, "భ్రష్టుడు" అని కాదు. బాప్తిస్మ రిజిస్టరులో పేరు కొట్టేయకూడదు, అది జరిగిన సంగతి నమోదు. రాతపూర్వకంగా వైదొలిగినా కతోలిక వివాహ నియమాలు వాళ్లకు వర్తిస్తూనే ఉంటాయి. అంతకుముందున్న మినహాయింపును 2009 సవరణ తీసేసింది. వేరే మతంలోకి మారితే చట్టపరంగానూ ఒక ఫలితం ఉంది: జీవిత భాగస్వామి మతం మారి క్రైస్తవులుగా లేకుండా పోవడం క్రైస్తవులకు వర్తించే విడాకుల చట్టం 10వ సెక్షన్ ప్రకారం విడాకులకు ఒక కారణం. అది రెండోవాళ్లు వాడుకోగల హక్కే, వాడితీరాలన్న ఆజ్ఞ కాదు. అవిశ్వాసి కలిసి ఉండటానికి ఇష్టపడితే విడువకూడదని 1 కొరింథీ 7:12-13 చెబుతోంది. ఆ ఇంట్లో "అతనితో కలిసి తినవద్దు" అని 1 కొరింథీ 5:11 తెచ్చి చదివే పెద్దలు, అక్కడ చెప్పింది సహోదరుడనిపించుకుంటూ పాపంలో బతికేవాడి గురించని గమనించాలి. సహోదరుణ్ని కానని తానే చెప్పినవాడికి అది తగలదు.

మిగిలింది సమాధుల తోట. ఊళ్లలో సంఘాల చేతిలో ఉన్న గట్టి ఆయుధం ఇదే, వాడకూడనిదీ ఇదే. బహిరంగంగా విశ్వాసం వదిలినవాళ్లకు క్రైస్తవ అంత్యక్రియలు నిరాకరించే కతోలిక 1184వ సూత్రం కూడా, చనిపోయే ముందు పశ్చాత్తాపం గుర్తు ఏదైనా కనిపిస్తే నిరాకరించవద్దంటుంది, అనుమానం ఉంటే పీఠాధిపతిని అడగమంటుంది. ఇతర సంఘాల్లో నియమం లేనిచోట, ఆరాధన క్రమం ఉండాలా వద్దా అన్నది ఆ మనిషి బతికుండగా చెప్పిన మాటను బట్టి, స్థలం ఇవ్వాలా వద్దా అన్నది ఆ కుటుంబ సభ్యత్వాన్ని బట్టి నిర్ణయించండి. ఈ రెండింటినీ శవం ఇంట్లో ఉండగా కాక, ముందే కమిటీ తీర్మానంగా రాసిపెట్టుకోవాలి.